పిల్ల ఆకలి ఎరిగిన చేయి

జనగామ, మానుకోట (మహబూబాబాద్), భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో ఎదిగిన ఆడపిల్ల రెండు పూటలు వరుసగా కంచం ముందు నుంచి లేచిపోతే, ఇంట్లో నాయనమ్మ మొదట అడిగేది “కడుపు నొస్తుందా” అని కాదు, “ఎవరేమన్నరు బిడ్డా” అని. తిండికీ మనుషుల మధ్య బంధానికీ ముడి ఉందని ఇక్కడ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అలిగినవాళ్లు పస్తుంటారు, బతిమాలి తినిపించేవాళ్లు తినిపిస్తారు. కొత్తగా అత్తారింటికి పోయిన పిల్లకు కొన్నాళ్లు అన్నం సయించదు. హాస్టల్లో వేసిన పిల్లాడు బెంగటిల్లి చిక్కిపోతాడు. శాస్త్రం అడిగే ప్రశ్న ఇంకొంచెం లోతుకు పోతుంది. పుట్టిన మొదటి రెండు మూడేళ్లలో బిడ్డకూ సాకినవాళ్లకూ మధ్య కుదిరిన అనుబంధాన్ని బట్టి, పదిహేనేళ్లకో ఇరవై ఏళ్లకో ఆ బిడ్డకు తిండి రుగ్మత వచ్చే అవకాశం పెరుగుతుందా? పెరిగితే ఎంత? అందులో తల్లి వాటా ఎంత, పుట్టుకతో వచ్చిన జన్యువుల వాటా ఎంత, బిడ్డను సాకినవాళ్ల నుంచి ఎడం చేసిన పరిస్థితుల వాటా ఎంత?

ఈ పరిశోధన చదివాక నాకు తేలింది ముందే చెబుతాను. సంబంధం ఉంది. కానీ “తల్లి ప్రేమ చాలక పిల్లకు జబ్బు చేసింది” అన్నంత సూటిగా లేదు, తల్లిని నిందించడానికి ఆధారాలు చాలవు. పిల్ల ఆకలినీ, ఇక చాలన్న సైగనూ, దిగులునూ గుర్తుపట్టి బదులిచ్చే మనిషి ఒకరు నిలకడగా దగ్గరున్నారా లేదా అన్నదే అసలు సంగతి. మన మూడు జిల్లాల్లో ఆ మనిషి దూరమయ్యేది ఎక్కువగా తల్లి మనసు వల్ల కాదు. కూలి వేళల వల్ల, వలస వల్ల, ఐదో తరగతికే హాస్టల్లో చేరడం వల్ల. కాబట్టి ఈ ప్రశ్న తల్లులను కాదు, ముందు మన ఏర్పాట్లను అడగాలి.

తిండి రుగ్మతలంటే ఏమిటో క్లుప్తంగా చెప్పుకుందాం. బరువు ప్రమాదకరంగా పడిపోతున్నా తిండిని దూరం పెట్టడం అనొరెక్సియా నెర్వోసా. 1873లో పారిస్‌లో లాసెగ్, లండన్‌లో విలియం గల్ ఒకరి తరువాత ఒకరు దీన్ని వర్ణించారు. అదుపు తప్పి మితిమీరి తిని, ఆ తరువాత వాంతి చేసుకోవడమో మరో దారిలో దాన్ని వదిలించుకోవడమో బులీమియా. దానికి 1979లో గెరాల్డ్ రస్సెల్ పేరు పెట్టాడు. వదిలించుకునే ప్రయత్నం లేకుండా మితిమీరి తినడం బింజ్ ఈటింగ్. లావవుతామన్న భయం ఏమీ లేకుండానే తిండికి దూరంగా ఉండే రుగ్మత మరొకటి. ఈ రెండింటికీ 2013లో అమెరికన్ మనోవైద్యుల వర్గీకరణలో ప్రత్యేక స్థానం దొరికింది. మానసిక వ్యాధులన్నిటిలోనూ ప్రాణం తీసే ప్రమాదం బాగా ఎక్కువగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి. ఇది పొగరు కాదు, మొండితనం కాదు, వేషం అంతకన్నా కాదు.

ఇక అనుబంధ సిద్ధాంతం. దాని పుట్టుకలోనే తిండి గురించి ఒక పెద్ద వాదం ఉంది. పాలిస్తుంది కాబట్టే బిడ్డకు తల్లి మీద ప్రేమ కలుగుతుందని ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో చాలామంది పండితులు నమ్మారు. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ దాన్ని ఒప్పుకోలేదు. ఇల్లూ అయినవాళ్లూ లేని పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1951లో ఆయన రాసిన నివేదిక పెద్ద చర్చ లేపింది. అనాథాశ్రమంలో కడుపునిండా తిండి పెట్టినా, తనవాళ్లంటూ ఎవరూ లేని పిల్ల ఎదగదని అందులో వాదించాడు. 1958లో హ్యారీ హార్లో కోతిపిల్లల మీద చేసిన ప్రయోగం బౌల్బీకి బలమిచ్చింది. తీగతో చేసిన బొమ్మతల్లి దగ్గర పాలసీసా ఉంది, మెత్తటి గుడ్డ చుట్టిన బొమ్మతల్లి దగ్గర ఏమీ లేదు. కోతిపిల్లలు పాలు తాగేంతసేపే తీగతల్లి దగ్గరుండి, మిగతా పొద్దంతా గుడ్డతల్లిని కరుచుకుని గడిపాయి. బంధానికి మూలం పాలు కాదు, ఆసరా అని తేలింది.

బౌల్బీతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ తిండిని మళ్లీ చర్చలోకి తెచ్చింది, అయితే వేరే కోణం నుంచి. 1954-55లో ఉగాండా పల్లెల్లో తల్లులనూ బిడ్డలనూ ఇళ్లలో కూర్చుని గమనించిన మనిషి ఆమె. తరువాత అమెరికాలోని బాల్టిమోర్‌లో 26 మంది తల్లీబిడ్డలను పుట్టిన దగ్గర్నుంచి చూసింది. 1969లో సిల్వియా బెల్‌తో కలిసి ప్రచురించిన పరిశీలన చాలామంది మరిచిపోయారు కానీ, మన ప్రశ్నకు ఆయువుపట్టు అదే. మొదటి మూడు నెలల్లో పాలు ఎలా పట్టారో చూశారు. తల్లి పాలా, డబ్బా పాలా అని కాదు. బిడ్డ ఆకలిని ఎప్పుడు గుర్తించారు, ఎంత వేగంగా తాగించారు, ముఖం తిప్పుకుంటే ఆగారా, బలవంతంగా కుక్కారా అని. బిడ్డ సైగను అనుసరించి పాలిచ్చిన తల్లుల పిల్లలు ఏడాది నిండేసరికి భద్రమైన అనుబంధంతో ఉండటం ఎక్కువగా కనిపించింది. అంటే తల్లి ఒళ్లో పాలు తాగే వేళలోనే బిడ్డ “నా మాట వినేవాళ్లున్నారు” అని నేర్చుకుంటుంది, లేదా నేర్చుకోదు.

ఐన్స్‌వర్త్ 1978 నాటికి అనుబంధాలను మూడు తీరులుగా విడగొట్టింది. అమ్మ కాసేపు బయటికెళ్లి తిరిగొస్తే ఏడుపు ఆపి ఒళ్లో కుదురుకునే భద్రమైన తీరు ఒకటి. ఎంత ఎత్తుకున్నా కుదుటపడక అతుక్కుపోయి ఏడ్చే ఆందోళన తీరు మరొకటి. తల్లి వచ్చినా పట్టనట్టు బొమ్మలతో ఆడుకునే ముభావపు తీరు మూడోది. ఏ దారీ పట్టని చెదిరిన తీరును ఆ తరువాత మేరీ మెయిన్, జుడిత్ సాలమన్ గుర్తించారు. ఈ తీరులు జబ్బులు కావు, ముద్రలూ కావు. ఆ ఇంట్లో ఆ బిడ్డ బతకడానికి ఎంచుకున్న పద్ధతులు.

ఇక్కడి నుంచి తిండి రుగ్మతలకు వంతెన వేసింది హిల్డె బ్రూక్. జర్మనీలో పుట్టి అమెరికాకు చేరిన ఈ వైద్యురాలు 1973, 1978 పుస్తకాల్లో రాసిందాని సారం ఇది: ఆకలి పుట్టుకతోనే పూర్తిగా తెలిసి వచ్చేది కాదు, నేర్చుకోవాలి. బిడ్డ చలికి ఏడ్చినా, భయానికి ఏడ్చినా, విసుగుకి ఏడ్చినా ప్రతిసారీ నోట్లో పాలే పెడితే, కడుపులో కలిగేది ఆకలో దిగులో ఆ బిడ్డ విడదీయలేదు. పెద్దయ్యాక ఒక పిల్ల దిగులు పుడితే తింటుంది, మరో పిల్ల ఆకలి వేసినా అది ఆకలని గుర్తించలేదు. బ్రూక్ మాటల్లో తల్లుల మీద కొంత దయలేనితనం ఉంది, అది నాకు నచ్చదు. కానీ శరీరం లోపలి సైగలను చదవడం నేర్చుకోవాలన్న ఆమె ఊహ మాత్రం నేటికీ నిలిచింది. ఆ తరువాత పరిశోధకులు దీనికి ఉద్వేగాల అదుపును జోడించారు. ఆందోళన తీరులో పెరిగినవాళ్లకు బాధ ఉప్పొంగుతుంది, దాన్ని అణచడానికి తిండి సాయమవుతుంది. ముభావపు తీరులో పెరిగినవాళ్లు బాధనే కాదు, ఆకలిని కూడా నొక్కిపెట్టడం అలవాటు చేసుకుంటారు.

ఊహ బాగుంది, ఆధారాలు ఏమంటున్నాయి? 2001లో లండన్‌లో యాన్ వార్డ్, జానెట్ ట్రెజర్ బృందం 20 మంది అనొరెక్సియా రోగులనూ, 12 మంది తల్లులనూ లోతుగా ఇంటర్వ్యూ చేసింది. రోగుల్లో 19 మంది అభద్ర అనుబంధంతో ఉన్నారు, వాళ్లలో ఎక్కువమందిది ముభావపు తీరు. తల్లుల్లోనూ 10 మందిది అభద్రతే. వాళ్లలో చాలామంది తమ జీవితంలో తగిలిన ఎడబాటు దుఃఖాన్ని తీర్చుకోకుండానే బిడ్డలను పెంచారు. ఈ అంకెలు చూసి ఎవరికైనా “ఇదిగో రుజువు” అనిపిస్తుంది. కానీ ఆసుపత్రి దాకా వచ్చిన 20 మందిని చూసి ఊరంతటి గురించి తేల్చలేం. సాధారణ జనాన్ని చూసిన పరిశోధనలన్నిటినీ 2018లో ఫేబర్, డ్యూబే, నౌపర్ కూర్చి లెక్కగట్టారు. సుమారు 70 అధ్యయనాలు, 19 వేలకు పైగా మనుషులు. అభద్ర అనుబంధానికీ అనారోగ్యకరమైన తిండి అలవాట్లకూ సంబంధం తేలింది, దాని బలం దాదాపు 0.27. సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పూర్తిగా ఉందని. 0.27 అంటే మనుషుల మధ్య ఉన్న తేడాల్లో ఏడు శాతం మేర మాత్రమే ఇది వివరిస్తుంది. ఆందోళన తీరుకు సంబంధం కొంచెం ఎక్కువ, ముభావపు తీరుకు తక్కువ. కొట్టిపారేయలేం, అదే కారణమనీ అనలేం.

ఈ పరిశోధనల్లో చాలావాటికి ఒక మౌలికమైన చిక్కుంది. జబ్బు వచ్చాక మనిషిని కూర్చోబెట్టి బాల్యం గురించి అడుగుతారు. అయితే ఆకలితో ఎండిన మనిషి మనసే మారిపోతుంది. 1944-45లో మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు నెలలు అరకడుపుతో ఉంచాడు. వాళ్లు ముభావంగా, చిరాకుగా మారారు, స్నేహితులకు దూరమయ్యారు, రాత్రింబగళ్లు తిండి గురించే ఆలోచించారు, కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. ఆ మార్పు తెచ్చింది బాల్యం కాదు. లోటు కంచంలో. కాబట్టి అనొరెక్సియా రోగిలో కనిపించే ముభావం చిన్ననాటిదా, పస్తు తెచ్చినదా అన్నది ఒక్క ఇంటర్వ్యూతో తేలేది కాదు. పుట్టినప్పటి నుంచి పిల్లలను వెంబడించి చూసిన అధ్యయనాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. వాటిలో కనిపించింది కూడా “చిన్నప్పుడు బంధం దెబ్బతింటే జబ్బు ఖాయం” అని కాదు. తొలి బంధం గట్టిగా ఉన్న పిల్లను తరువాత తగిలే దెబ్బలు అంతగా కుంగదీయవని.

జన్యువుల మాటకొస్తే, కవలల అధ్యయనాలు అనొరెక్సియా ముప్పులో సుమారు సగం వంశపారంపర్యమని చెబుతున్నాయి. 2019లో దాదాపు 17 వేల మంది రోగుల జన్యువులను పరిశీలించి ఎనిమిది చోట్ల తేడాలు పట్టుకున్నారు. వాటిలో కొన్ని మనసుకు సంబంధించినవి, కొన్ని శరీరం కొవ్వునూ చక్కెరనూ వాడుకునే తీరుకు సంబంధించినవి. కుటుంబమే ఈ జబ్బుకు ప్రధాన కారణమనే వాదాన్ని తిరస్కరిస్తున్నామని తిండి రుగ్మతల వైద్యుల అంతర్జాతీయ సంఘం 2010లో బహిరంగంగా ప్రకటించింది. లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1987లో జరిగిన పరీక్ష ఇంకో అడుగు ముందుకు వేసింది. చిన్న వయసులో జబ్బు మొదలై, ఎక్కువ ఏళ్లు గడవని పిల్లలకు రోగికి విడిగా ఇచ్చే చికిత్స కన్నా బాగా పనిచేసింది తల్లిదండ్రులను వైద్యంలో కలుపుకోవడం. కంచం ముందు బిడ్డ పక్కన కూర్చుని తినిపించే బాధ్యతను తిరిగి వాళ్ల చేతికే ఇచ్చారు. తల్లిదండ్రులను చేయూతగా తీసుకున్న చోట ఎక్కువమంది పిల్లలు కోలుకున్నారు. ఈ ఒక్క ఫలితం తెలుగు ఇళ్లలో అందరికీ చేరాలని నా కోరిక.

మన దేశంలో ఈ జబ్బుల రూపం వేరు. ఢిల్లీ మనోవైద్యులు ఖండేల్‌వాల్, శరన్, సక్సేనా 1995లో అయిదుగురు యువతుల గురించి రాశారు. తిండి మానేశారు, వాంతులు, బరువు తగ్గారు. కానీ లావవుతామన్న భయం లేదు, అద్దంలో తమను లావుగా చూసుకోవడం లేదు. హాంకాంగ్‌లో సింగ్ లీ కూడా అలాంటివాళ్లనే చూశాడు. వాళ్లు చెప్పేది కడుపు ఉబ్బరమనీ, ఆకలి లేదనీ. 2007లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు పిల్లల మనోవైద్య విభాగానికి వచ్చినవారి వివరాలు తీస్తే, తిండి రుగ్మత ఉన్నది నూటికి ఒకరికి పైచిలుకు. వాళ్లలో 85 శాతం పిల్లలకు ఉన్నది మనోవేదన వల్ల వచ్చే వాంతులు. బులీమియా ఒక్కటీ లేదు. అంతకుముందు 1989లో కింగ్, భుగ్రా ఉత్తర భారత పట్టణంలోని బడిపిల్లలకు పాశ్చాత్య ప్రశ్నపత్రం ఇస్తే 29 శాతం మంది రుగ్మత గీత దాటారు. తీరా చూస్తే, ఉపవాసాల వంటి అలవాట్లను ఆ ప్రశ్నలు జబ్బుగా లెక్కేశాయి. శనివారం ఒక్కపొద్దు ఉండే అమ్మాయికి అలాంటి పత్రం ఇస్తే ఏం తేలుతుందో ఊహించుకోవచ్చు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. ఆ లెక్కల్లో లేకపోయినా, తిండి మానేసిన పిల్ల మన దగ్గర ఏ దారిన పోతుందో అందరికీ తెలుసు. మొదట ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్యాసు గోలీలు. తరువాత హనుమకొండలో ఎండోస్కోపీ, స్కానింగు. “అన్నీ నార్మల్” అన్న చీటీ పట్టుకుని ఇంటికొస్తారు. ఆపైన దిష్టి తీయడం, తాయెత్తు, “గాలి సోకింది” అన్న మాట. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మనోవైద్యుడి ముందు కూర్చునేసరికి నెలలు గడిచిపోతాయి. ఈ దారిలో ఆ పిల్లతో ఒంటరిగా కూర్చుని “నీకు ఎప్పటి నుంచి సయిస్తలేదు, అప్పుడు ఇంట్ల ఏమైంది” అని అడిగేవాళ్లు తక్కువ. నాయనమ్మ మొదటి రోజు అడిగిన ప్రశ్న స్కానింగు సెంటర్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

పిల్ల సైగలను చదివి తినిపిస్తే ఏం జరుగుతుందన్నదానికి మన నేల మీదే మంచి పరీక్ష జరిగింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్, అమెరికన్ సహచరులతో కలిసి, జనగామకు పక్కనే ఉన్న ఉమ్మడి నల్గొండ జిల్లాలో 60 ఊళ్లలో, 600 మంది తల్లీబిడ్డలతో చేసిన ఈ పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. ఊళ్లను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు అంగన్‌వాడీ సేవలు మామూలుగా అందాయి. రెండో గుంపులో ఊరి ఆడవాళ్లే ఇంటింటికీ వెళ్లి ఏ వయసులో ఏం పెట్టాలో చెప్పారు. మూడో గుంపులో దానికి తోడు ఎలా పెట్టాలో, బిడ్డ సైగను ఎలా చదవాలో, ఎలా ఆడించాలో చెప్పారు. బిడ్డకు 15 నెలలు వచ్చేసరికి రెండు, మూడు గుంపుల్లో పిల్లలు మెరుగైన తిండి తిన్నారు. ఎత్తు పెరుగుదల రెండో గుంపులో బాగా కనిపించింది. మానసిక వికాసం మెరుగుపడింది మాత్రం మూడో గుంపులో. ఈ తేడా నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ఏం పెట్టామన్నది ఒళ్లు పెంచితే, ఎలా పెట్టామన్నది మనసు పెంచింది. ఈ పరీక్ష తిండి రుగ్మతల గురించి కాదు, ఆ పిల్లలు పెద్దయ్యాక ఎలా తిన్నారో ఇది చెప్పదు. కానీ ఐన్స్‌వర్త్ బాల్టిమోర్‌లో చూసిన సంగతి మన పల్లె తల్లులకు నేర్పవచ్చనీ, నేర్పితే ఫలితం ఉంటుందనీ చూపింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు ఇలా సైగలెరిగి తినిపించాలని సిఫారసు చేసింది.

సైగ ఎలా ఉంటుందో దగ్గరగా చూడండి. పది నెలల బిడ్డ ఒళ్లో ఉంది. గిన్నెలో మెత్తగా పిసికిన పప్పన్నం, నెయ్యి చుక్క. మొదటి నాలుగు బుక్కలకు నోరు తెరిచి ముందుకు వంగింది. అయిదోదానికి ఆగి, అమ్మ గాజులు పట్టుకుని ఆడింది. ఆరోదానికి పెదాలు బిగించి తల పక్కకు తిప్పింది. ఏడోది నోట్లో పెడితే నాలుకతో బయటికి నెట్టింది. “ఇంకొక్క బుక్క బిడ్డా, గింతే, కాకి ఎత్తుకపోతది” అంటూ ముద్ద మళ్లీ పెదాల దగ్గరికి వస్తుంది. ఇదంతా ప్రేమే, అనుమానం లేదు. మన రాష్ట్రంలో అయిదేళ్ల లోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన చోట, బిడ్డ ఇంకో బుక్క తినాలని తల్లి ఆరాటపడటం తప్పెలా అవుతుంది? కానీ 2006లో చిన్నపిల్లలతో చేసిన ఒక ప్రయోగంలో “సూపంతా తాగు” అని వెంటపడితే పిల్లలు తక్కువ తాగారు, ఆ సూపు బాలేదని ఎక్కువసార్లు అన్నారు. బిడ్డ తల తిప్పినప్పుడు ఒక్క నిమిషం ఆగి, కాసేపయ్యాక మళ్లీ అడగడమంటే, అన్నం మీద బిడ్డ హక్కును ఒప్పుకోవడమే. ఇది చెప్పడానికి అంగన్‌వాడీ టీచరుకు పెద్ద శిక్షణ అక్కర్లేదు. ఆరోగ్యలక్ష్మి పథకం కింద బాలింతలు రోజూ అక్కడే కూర్చుని భోజనం చేస్తారు. ఈ మాట చెప్పడానికి అంతకంటే మంచి వేళ లేదు.

తల్లి ఒక్కతే ఆ మనిషి కానవసరం లేదన్నది ఇక్కడ గట్టిగా చెప్పాలి. మహబూబాబాద్ వైపు మిర్చి ఏరుడు మొదలయ్యాక తల్లులు తెల్లవారకముందే చేనుకు పోతారు, బిడ్డ నాయనమ్మ చేతిలోనో అక్క చంకలోనో పెరుగుతుంది. తండాల్లోనూ కోయ గూడేల్లోనూ బిడ్డ పదిమంది చేతుల్లో తిరుగుతుంది. తొలినాళ్ల సిద్ధాంతం తల్లినే కేంద్రంగా చూసినా, ఐన్స్‌వర్త్ ఉగాండాలోనే ఇలాంటి ఇళ్లను చూసింది. బిడ్డకు ఒకరి కంటే ఎక్కువమందితో భద్రమైన బంధం కుదురుతుందని ఇప్పుడు అందరూ ఒప్పుకున్నారు. చిక్కు మనుషులు ఎక్కువవడంలో లేదు, ఎవరూ నిలవకుండా మారిపోవడంలో ఉంది.

ఆ మార్పు మన దగ్గర అందరికన్నా పెద్ద ఎత్తున జరిగేది గురుకులాల్లో. 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకుల బడి ఆలోచన నేడు సాంఘిక సంక్షేమ, గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలుగా రాష్ట్రమంతా వ్యాపించింది. ఎక్కువమంది ప్రవేశ పరీక్ష రాసి ఐదో తరగతిలో చేరతారు, అంటే పదేళ్లకు ఇల్లు వదులుతారు. పలిమెల, మహాముత్తారం అడవి ఊళ్ల నుంచి, గూడూరు, కొత్తగూడ తండాల నుంచి వచ్చిన పిల్లలకు ఈ బడి ఎన్నో తలుపులు తెరిచింది. చాలామంది ఇళ్లలో రోజూ దొరకని గుడ్డు, పాలు అక్కడ దొరుకుతాయి. ఇంగ్లండ్‌లో ధనిక కుటుంబాల పిల్లలను ఏడెనిమిదేళ్లకే బోర్డింగ్ స్కూళ్లకు పంపితే కలిగే గాయం గురించి జాయ్ షావెరియన్ 2015లో ఒక పుస్తకమే రాసింది. దాన్ని తెచ్చి మన గురుకులాలకు అతికించడం అన్యాయం. అక్కడ పంపినవాళ్లకు వేరే దారి ఉంది. ఇక్కడ కన్నవాళ్లు కడుపు కట్టుకుని, బిడ్డ తమలా కూలికి పోవద్దని పంపుతారు. ఆ పంపడంలోని ప్రేమ పిల్లకు తెలుస్తుంది, అదే రక్ష.

అయినా బెంగ బెంగే. కొత్తగా చేరిన మొదటి వారాల్లో తినని పిల్లలు ప్రతి హాస్టల్లోనూ ఉంటారు. తల్లిదండ్రులు కలిసే ఆదివారం ఏ గురుకులం గేటు దగ్గరైనా చూడొచ్చు. చెట్ల కింద చాపలు, టవళ్లు పరుచుకుని గుంపులు గుంపులు. స్టీలు టిఫిను డబ్బాలో కోడికూర, పచ్చిపులుసు, సంచిలో సకినాలు. తొమ్మిదో తరగతి అమ్మాయి కూడా ఆ రోజు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది, అమ్మే కలిపి బుక్కలు పెడుతుంది. హాస్టల్లో సగం వదిలేసే పిల్ల ఇక్కడ డబ్బా ఖాళీ చేస్తుంది. ఎవరూ రాని పిల్లలు వరండాలో నిలబడి చూస్తుంటారు. వాళ్లను పిలిచి తమ బిడ్డతో పాటు కూర్చోబెట్టుకునే తల్లులు ఎందరో. అనుబంధానికీ తిండికీ సంబంధం మీద నేను చదివిన వ్యాసాలన్నీ ఈ ఒక్క చెట్టు కింద కనిపిస్తాయి.

ఇలాంటి చోట ఏం చేయాలో చెప్పే అనుభవం చరిత్రలో ఉంది. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ రెండేళ్ల పిల్ల ఆసుపత్రిలో ఎనిమిది రోజులు తల్లి తోడు లేకుండా గడపడాన్ని సినిమా తీశాడు. అప్పట్లో బ్రిటిష్ ఆసుపత్రుల్లో తల్లిదండ్రులు పిల్లలను ఇష్టం వచ్చినప్పుడు చూడటానికి వీల్లేదు. ఇలా విడిచిన పిల్లలు మొదట ఏడ్చి గొడవ చేస్తారు, తరువాత నీరసించి ఊరుకుంటారు, చివరికి ఎవరొచ్చినా పట్టనట్టు ఉంటారని ఆయన గమనించాడు. ఆ మూడో దశను చూసి నర్సులు “కుదురుకుంది” అనుకునేవారు. 1959లో ప్లాట్ కమిటీ తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి పిల్లలను చూడొచ్చని సిఫారసు చేసింది. ఏళ్ల తరబడి పోరాడాక ఆసుపత్రులు మారాయి. అక్కడ మారింది తల్లి కాదు, ఆసుపత్రి నియమం. మన హాస్టళ్లలోనూ “మొదట్లో ఏడ్చింది, ఇప్పుడు సెట్ అయింది” అనే మాట వినిపిస్తుంది. నిజంగా సెట్ అయిందా, రాబర్ట్‌సన్ చూసిన మూడో దశకు చేరిందా అన్నది కంచం చెబుతుంది. సెట్ అయిన పిల్ల తింటుంది.

2024 డిసెంబరు 14న ప్రభుత్వం హాస్టళ్లలో కొత్త ఉమ్మడి మెనూ ప్రారంభించి, డైట్ చార్జీలు 40 శాతం పెంచింది. అది ఎంతో అవసరమైన పని. నల్గొండ పరీక్ష చెప్పినట్టు, మెనూ ఎంత ముఖ్యమో పెట్టే చేయి అంత ముఖ్యం. వందల మందికి ఒక వార్డెన్ ఉన్న చోట ఎవరు వదిలేశారో ఎవరూ గమనించలేరు. చేరిన మొదటి మూడు నెలలు కొత్త పిల్లలతో కలిసి కూర్చుని తినడానికి, పేరు పేరునా పలకరించడానికి ఒక్క మనిషిని నియమిస్తే, అది ఖర్చులో చిన్నది, ఫలితంలో పెద్దది. ఇంటికి ఫోను మాట్లాడే వేళ రాత్రి భోజనానికి ముందు ఉంటే కొందరికి అన్నం దిగుతుంది, కొందరికి ఏడుపొచ్చి దిగదు. అది పిల్లను బట్టి చూసుకోవాల్సిన సంగతి, సర్క్యులర్‌తో తేలేది కాదు.

ఎడబాటు హాస్టళ్లతోనే ఆగదు. 1997-98లో ఉమ్మడి వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించాయి. ఆ ఇళ్లలో తండ్రిని పోగొట్టుకున్న పిల్లలు ఇప్పుడు తల్లులు, తండ్రులు. తీరని దుఃఖంతో బిడ్డను పెంచిన తల్లుల గురించి వార్డ్ బృందం లండన్‌లో రాసింది ఈ ఇళ్లకు కూడా వర్తించే ప్రశ్నే. పరిహారం చెక్కుతో ఆ దుఃఖం తీరదు.

ఈ జబ్బులు కలవారికే వస్తాయన్న నమ్మకం కూడా వదులుకోవాలి. 2017లో అమెరికాలో కారొలిన్ బెకర్ బృందం ఉచిత ఆహార కేంద్రాలకు వచ్చే పేదలను చూస్తే, ఇంట్లో తిండికి ఎంత కరువుంటే మితిమీరి తినే లక్షణాలు అంత ఎక్కువగా కనిపించాయి. నెలాఖరుకు బియ్యం అడుగంటే ఇంట్లో పెరిగిన పిల్ల కంచం ముందు ఎలా ఉంటుందో దీన్ని బట్టి ఆలోచించాలి.

2022లో మహబూబాబాద్‌లోనూ, 2023లో జనగామ, భూపాలపల్లిలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఒక ఆడపిల్ల మూడు నెలలుగా తినడం లేదని వస్తే, ఎండోస్కోపీ రాసే ముందు బరువు, ఎత్తు, నెలసరి చూసి, ఆ తరువాత ఇంట్లో ఎవరు పోయారు, ఎవరు ఊరు వదిలారు, పిల్లను ఏ వయసులో ఎక్కడ చేర్చారు అని అడగడం అక్కడి ఓపీల్లో మొదలు కావాలి. ఇంటివాళ్లకు ఎటు పోవాలో తోచకపోతే 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ సలహాదారులు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. మూడు కళాశాలలకూ ఆయా జిల్లాల గురుకులాలు అందుబాటులోనే ఉన్నాయి. ఐదో తరగతిలో చేరిన పిల్లలను పదో తరగతి దాకా ఏటా చూసి, వాళ్లు ఎంత తింటున్నారో, ఎవరి దగ్గర మనసు విప్పుతున్నారో, ఇంటి నుంచి ఎవరు ఎన్నిసార్లు వస్తున్నారో కలిపి నమోదు చేస్తే, పుట్టినూరు వదిలిన పిల్లల గురించి అరుదైన సమాచారం మన దగ్గర తయారవుతుంది. అందులో తల్లిని అడిగే ప్రశ్నలతో పాటు హాస్టలును అడిగే ప్రశ్నలూ ఉండాలి: కొత్త పిల్ల పక్కన భోజనాల దగ్గర ఎవరు కూర్చున్నారు, ఆమె వదిలేసిన అన్నం ఎవరి కంట పడింది, ఎన్నో రోజున ఇంటికి కబురు పంపారు.